ట్రంకు పెట్టెలో 26 చీటీ గుడ్డలు: మొదటిసారి బొంత కుట్టేవారికి డిజైన్ ఎంచిన తీరు

జూన్ రెండో శనివారం మధ్యాహ్నం టీచర్‌గారు ఆటో దిగి, చిన్న ట్రంకు పెట్టెను డ్రైవర్ చేత గుమ్మం దాకా మోయించుకుని లోపలికి వచ్చారు. పద్మారావునగర్‌లో మా ఇంటి ముందు గదే నా కుట్టు క్లాసు. పెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గదంతా కమ్ముకుంది.

"అమ్మాయ్, ఇందులో 26 గుడ్డలున్నాయి. అన్నీ కలిపి ఒకే బొంత కుట్టాలి. మిషన్ తొక్కడం వచ్చు నాకు. చీరలకు ఫాల్ కుడతాను, దిండు గలేబులు కుడతాను. బొంత మాత్రం ఎన్నడూ కుట్టలేదు. తేలికైన డిజైన్ ఒకటి చెప్పు" అన్నారు.

ఆవిడకు 63 ఏళ్ళు. మల్కాజిగిరిలో ఉంటారు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. తేలికైన డిజైన్ ఏదన్న ప్రశ్న నాకు కొత్త కాదు. 11 ఏళ్ళుగా నేర్పుతున్నాను, వచ్చిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది అదే. నేనూ ఆలోచించకుండా "నైన్ ప్యాచ్" అనేస్తాను. అంటే తొమ్మిది చదరాలు మూడేసి చొప్పున కలిపి ఒక గడిగా కుట్టేది. ఈ కేసులో అలా అనేసి రెండు వారాలు పోగొట్టాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

పెట్టెలో ఏముంది

టీచర్‌గారి అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ అమ్మకు గుడ్డ ముక్కలు తెస్తుంది. అలా చేరినవి 14 ఫ్యాట్ క్వార్టర్లు. అంటే 18 అంగుళాలు, 22 అంగుళాలు కొలతల్లో కోసి అమ్మే ముక్కలు. మన జాకెట్ ముక్కలో మూడో వంతు అనుకోండి. ఇవన్నీ 1930ల నాటి ప్రింట్లను చూసి ఇప్పుడు మళ్ళీ అచ్చు వేసినవి. ఆ రోజుల్లో అమెరికాలో పిండి, పంచదార, కోళ్ళ దాణా నూలు సంచుల్లో వచ్చేవి. ఆర్థిక మాంద్యం కాలం, చేతిలో డబ్బు లేదు. ఆడవాళ్ళు ఆ సంచులు విప్పి పిల్లలకు గౌన్లు కుట్టారు. అది చూసి మిల్లులవాళ్ళు సంచుల మీదే పువ్వులు అచ్చు వేయడం మొదలుపెట్టారు. ఏ సంచి మీద పువ్వు బాగుంటే ఆ దాణా అమ్ముడుపోయేది. 100 పౌన్ల సంచి విప్పితే గజం పైచిలుకు గుడ్డ వచ్చేది. గౌను పోగా మిగిలిన పీలికలు బొంతల్లోకి వెళ్ళేవి. అందుకే ఈ ప్రింట్లు అంత చిన్నగా, అంత హుషారుగా ఉంటాయి: లేత గులాబీ, పుదీనా పచ్చ, వెన్న పసుపు, లేత నీలం, మధ్యలో తెల్ల చుక్కలు. పువ్వు ముప్పాతిక అంగుళం దాటదు.

ఇంకో 6 గుడ్డలు అరమీటరు చొప్పున, గోధుమ రంగు, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం. ఇవి 19వ శతాబ్దపు అమెరికన్ ప్రింట్లకు నకళ్ళు. మరో 5 పెడన కలంకారీ, మీటరు చొప్పున. వేర్వేరు ఏళ్ళలో శిల్పారామంలో కొన్నారట. చిలకలు, నెమళ్ళు, అల్లుకున్న తీగలు.

26వది వాళ్ళమ్మగారి వాయిల్ చీర. వంగపండు రంగు మీద తెల్ల సన్నజాజులు. దాన్ని ఆవిడ చివర్న, విడిగా తీసి పెట్టారు.

ఇక్కడ ఒక మాట. వింటేజ్ గుడ్డ అనగానే అందరి చూపూ అమెరికా వైపు పోతుంది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం నుంచీ కోరమాండల్ తీరంలోని మిగతా రేవుల నుంచీ చీటీ గుడ్డ, అంటే పువ్వులు అద్దిన నూలు గుడ్డ, ఓడలెక్కి యూరప్ వెళ్ళింది. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు దానితో పోటీ పడలేక గోల చేస్తే, 1721లో బ్రిటిష్ పార్లమెంటు అద్దకం నూలు గుడ్డల వాడకాన్నే చట్టం చేసి నిషేధించింది. మన చీటీ గుడ్డలోని పువ్వులను కత్తిరించి తెల్ల గుడ్డ మీద అతికి కుట్టిన పాత బొంతలు ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ మ్యూజియంలలో ఉన్నాయి. అందుకని టీచర్‌గారి పెట్టెలో మచిలీపట్నం పక్కనే ఉన్న పెడన గుడ్డే అన్నిటికన్నా పాత వంశం. ఆవిడ మాత్రం దాన్ని "ఇవి మామూలువే" అంటూ అడుగున పెట్టారు.

ఆవిడ కోరింది, నేను చెప్పింది

ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. ఆరు మూలల ముక్కలు పువ్వుల్లా చేరి మంచమంతా పరుచుకున్న బొంత. దాని పేరు గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్. 1930ల అమెరికాలో ఇంటింటా కుట్టినవాటిలో ఇదొకటి. "గుడ్డలు ఆ కాలానివే, డిజైనూ ఆ కాలానిదే ఉండాలి కదా" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. చాలామంది పడే గొయ్యి కూడా ఇదే. ఆ కాలంలో పేరుమోసిన డిజైన్లలో ఆరు మూలలవి, పెళ్ళి ఉంగరాల పేరుతో వచ్చే వంపులవి కొత్తవాళ్ళ చేతికి లొంగవు. ఆరు మూలల ముక్కల్లో ప్రతి మూల దగ్గరా మూడు ముక్కలు కలుస్తాయి. మిషన్ మీద చివరిదాకా ఒక్క తిన్నని కుట్టు కూడా పడదు. కాగితం ముక్క మీద గుడ్డ మడిచి, చేత్తో ఒక్కోటీ కలుపుకుంటూ పోవాలి. కష్టమని అనను, ఓపిక కావాలి.

"ఎన్ని ముక్కలు పడతాయి?" అని అడిగారు. భుజం అంగుళం ఉంటే, బొంత 60 అంగుళాలకు 72 అయితే, మీరే వేయండి లెక్క అన్నాను. పెన్ను తీసి టేబుల్ మీదున్న బిల్లు వెనక వేశారు. "1,663" అని, పెన్ను మూసి, "వద్దులే" అన్నారు.

అప్పుడే నేను తొందరపడ్డాను. ఆ వారం పెళ్ళి బ్లౌజుల ఆర్డర్లు మీద మీద ఉన్నాయి. "నైన్ ప్యాచ్ కుట్టండి టీచర్‌గారూ. రెండున్నర అంగుళాల చదరాలు తొమ్మిది. అన్ని గుడ్డల్లోంచీ కోసి కలిపేయండి" అని చెప్పి పంపేశాను. ఒక్కో గడిలో తొమ్మిది రకాల ప్రింట్లు.

రెండు వారాలకు 8 గడులు కుట్టి తెచ్చారు. నేల మీద పరిచాం. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"గంగిరెద్దు మీద కప్పే బొంతలా ఉంది కదూ?" అన్నారు.

నిజానికి గంగిరెద్దు బొంత చాలా బాగుంటుంది. ఎరుపు పక్కన పసుపు, పసుపు పక్కన నలుపు. వీధి ఆ చివర నుంచీ కనబడాలని కుట్టేది అది. మా ముందున్న దానికి ఆ వెలుగు లేదు. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియడం లేదు. చిలక రెక్క ఒకచోట, తోక ఇంకోచోట గోధుమ మరకల్లా కనిపిస్తున్నాయి. పైగా కలంకారీ మందం, వాయిల్ పల్చన. రెండూ కలిసిన చోట కుట్టు ఉబ్బి, వాయిల్ ముడతలు పడింది. ఆవిడ కుట్టులో తప్పేమీ లేదు. తప్పు నేను చెప్పిన దాంట్లో ఉంది.

శుభలేఖకు కిటికీ

నేను మొదటి రోజే చేయాల్సిన పని ఆ రోజు చేశాను. పాత శుభలేఖల అట్టలు నా దగ్గర కట్టలుగా ఉంటాయి. వాటిలో మూడింటికి మధ్యలో చదరపు కిటికీలు కోశాను: ఒకటి 2 అంగుళాలు, ఒకటి 4, ఒకటి 8. కుట్టాక బొంత మీద ఎంత ముక్క కనబడుతుందో అంత కిటికీ. దాన్ని గుడ్డ మీద పెట్టి మెల్లగా జరుపుతూ చూడాలి.

సంచి ప్రింట్ల మీద 2 అంగుళాల కిటికీ పెడితే, ఎటు జరిపినా రెండు మూడు పువ్వులు నిండుగా కనిపిస్తాయి. అదే కిటికీ కలంకారీ మీద పెడితే గోధుమ రంగు గీతలు తప్ప ఏమీ లేవు. 8 అంగుళాల కిటికీ పెట్టగానే చిలక మొత్తం, కొమ్మతో సహా, ఫొటో ఫ్రేములో కూర్చున్నట్టు కూర్చుంది. టీచర్‌గారు అట్ట నా చేతిలోంచి లాక్కుని అరగంట సేపు 25 గుడ్డల మీదా తిప్పారు. చీర జోలికి పోలేదు. గుడ్డలు వాటంతటవే మూడు కుప్పలయ్యాయి.

అట్ట కిటికీ ముక్క సైజు చెబుతుంది. రంగుల సంగతికి ఇంకో పరీక్ష ఉంది. 14 సంచి ప్రింట్లనూ వరుసగా పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేశాం. అన్నీ ఒకే బూడిద రంగు! గులాబీ, పచ్చ, నీలం వేరే రంగులే గానీ, ముదురు లేతల్లో ఏ తేడా లేదు. డిజైన్ కంటికి కనబడేది రంగు తేడా వల్ల కాదు, ముదురు లేతల తేడా వల్ల. ఈ గుడ్డల్లో ముదురు లేదు, లేతా లేదు. అంటే లేతదాన్ని బయట నుంచి తేవాలి.

దాంతో "అన్నీ కలిపి ఒకే బొంత" అన్న కోరికను వదులుకోక తప్పలేదు. ఆవిడ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "ఇన్ని ఎక్కడ కుట్టగలను" అని టెన్షన్. ఒకటి కుట్టండి, మిగతావి పెట్టెలో ఎక్కడికీ పోవు అన్నాను.

తేలిక అంటే ఏమిటి

కొత్తవాళ్ళకు తేలికైన డిజైన్ అంటే ముక్కలు తక్కువున్నది అనుకుంటాం. నా లెక్క వేరు. కుట్లు ఎన్ని చోట్ల ఎదురెదురుగా కలవాలి, క్రాస్ అంచులు ఎన్ని ఉన్నాయి, తప్పు జరిగితే అది ఎంత దూరం నుంచి కనిపిస్తుంది, ఈ మూడే చూస్తాను. గుడ్డను మూల నుంచి మూలకు కోస్తే పడుగూ పేకా రెండూ వదులై అంచు సాగుతుంది. బ్లౌజు కుట్టేవాళ్ళకు క్రాస్ కటింగ్ ఎందుకు సాగుతుందో తెలుసు. అందుకే త్రిభుజాలున్న డిజైన్లు మొదటి బొంతకు ఇవ్వను. చెక్కల ఇల్లు పేరుతో ఉండే లాగ్ క్యాబిన్‌లో త్రిభుజాలు లేవు, నిజమే. కానీ పట్టీ మీద పట్టీ చేర్చుకుంటూ పోతే చిన్న తేడా పెరిగి పెరిగి చివరి పట్టీ దగ్గర గడి వంకర పోతుంది.

సంచి ప్రింట్లకు మళ్ళీ నైన్ ప్యాచే ఎంచాం. ఈసారి ఒక గడికి ఒకే ప్రింటు, దానికి తోడు తెలుపు: నాలుగు మూలలా, మధ్యలో ప్రింటు, మిగతా నాలుగూ తెలుపు. గడికీ గడికీ మధ్య ఏ కుట్టూ లేని తెల్ల చదరం. ఇందులో కిటుకు ఆ ఖాళీ తెల్ల గడిలోనే ఉంది. రెండు నైన్ ప్యాచ్‌లు పక్కపక్కన ఉంటే మూలలతో పాటు మధ్యనున్న రెండు కుట్లూ కలవాలి. ఖాళీ గడి పక్కనుంటే మూలలు కలిస్తే చాలు. తెలుపు మీద దిద్దిన చుక్కల ముగ్గులా ఐమూలగా పువ్వుల గొలుసులు కనిపిస్తాయి. పని సగమే, చూడ్డానికి రెట్టింపు.

ఏ తెలుపు?

సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు ఇద్దరం వెళ్ళాం. అక్కడ తెలుపు అడిగితే పది రకాలు దించుతారు. దుకాణంలో అబ్బాయి హాఫ్ వైట్ చూపించి, "పాత గుడ్డలకు ఇదే సెట్టవుతుంది మేడమ్" అన్నాడు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని. ఫ్యాట్ క్వార్టర్ ఒకటి సంచిలోంచి తీసి రెండు తెలుపుల మీదా పెట్టి, దుకాణం బయట ఎండలో చూపించాను. హాఫ్ వైట్ మీద గులాబీ వెలిసిపోయినట్టు అయింది. మల్లెపువ్వు తెలుపు మీద లేచి కూర్చుంది. సంచి ప్రింట్ల లోపలున్న తెలుపు అసలైన తెలుపు, బయటిదీ అదే కావాలి. గోధుమ రంగు ప్రింట్లకు, కలంకారీకి మాత్రం హాఫ్ వైట్, లేదంటే గాడా గుడ్డ. వాటి పక్కన స్వచ్ఛమైన తెలుపు పెడితే ఆసుపత్రి దుప్పటిలా ఉంటుంది.

44 అంగుళాల పన్నా ఉన్న కేంబ్రిక్, అంటే సన్న నేత నూలు గుడ్డ, మూడుంపావు మీటర్లు తీసుకున్నాం. పాలిస్టర్ కలిసినవి వద్దన్నాను. అవి ఇస్త్రీకి మడత నిలవవు, పావు అంగుళం కుట్టును పక్కకు పడుకోబెట్టలేం. ఇంటికొచ్చి అన్నీ తడిపి ఆరేశాం. రంగు పోకుండా నీళ్ళలో ఉప్పు వేస్తానన్నారు టీచర్‌గారు. అద్దకం పూర్తయి బజారుకొచ్చిన గుడ్డకు ఉప్పు ఏమీ చేయదు. రంగు ఆగిపోయేదాకా ఉతకడమే. సంచి ప్రింట్లలో రంగు పోలేదు గానీ, ఒక నీలిమందు గుడ్డ బకెట్టంతా నీలం చేసింది. తెల్ల బొంతలోకి అది వచ్చి ఉంటే ఏమయ్యేదో!

లెక్క

ఇక్కడ ఆవిడ నాకు టీచరయ్యారు. నేను ఒక్కో చదరం విడిగా కోయమంటే తల అడ్డంగా తిప్పారు. నాకు తెలిసిన పట్టీల పద్ధతినే ఆవిడ నోటుబుక్కులో గడులు గీసి తేల్చారు. ప్రతి ప్రింటులోంచి రెండున్నర అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవుతో మూడు పట్టీలు. తెలుపులోంచి అలాంటివే మూడు. పువ్వు, తెలుపు, పువ్వు కలిపి ఒక పట్టా. తెలుపు, పువ్వు, తెలుపు కలిపి ఇంకోటి. రెంటినీ అడ్డంగా రెండున్నర అంగుళాలకు ఒకటిగా కోస్తే ఒక్కో పట్టాకు 8 ముక్కలు. గడికి మొదటి రకం రెండు, రెండో రకం ఒకటి. అంటే ఒక ప్రింటుకు 4 గడులు, 14 ప్రింట్లకు 56. రెండో రకం ముక్కలు నాలుగేసి మిగులుతాయి.

మాకు కావలసింది 50. అడ్డం 9, నిలువు 11, మొత్తం 99 గడులు. మూలల్లో నైన్ ప్యాచ్ పడాలంటే 50 అవి, 49 ఖాళీ తెలుపు. ఫ్యాట్ క్వార్టర్ వెడల్పు 18 అంగుళాల్లో వాడింది ఏడున్నర. "గుడ్డ చాలదేమోనని భయపడ్డాను, సగానికి పైగా మిగిలిపోయిందే" అన్నారు. కొత్తవాళ్ళందరికీ ఇదే భయం. దాంతో అక్కర్లేని గుడ్డ కొంటారు.

ఇస్త్రీ విషయం మాత్రం పదేపదే చెప్పాల్సి వచ్చింది. కుట్టు వెనకనున్న గుడ్డను ఎప్పుడూ ప్రింటు వైపే పడుకోబెట్టాలి. అలా చేస్తే మొదటి రకంలో కుట్లు బయటికి, రెండో రకంలో లోపలికి తిరుగుతాయి. రెండు ముక్కలూ ఎదురెదురుగా పెట్టినప్పుడు ఒకదానికొకటి తలుపు గడియలా పడతాయి. వేలితో తడిమితే తెలుస్తుంది, గుండుసూది కూడా అక్కర్లేదు. ఇస్త్రీ పెట్టెను ముందుకూ వెనక్కూ తోయకుండా ఎత్తి ఎత్తి పెట్టాలి. తోస్తే పట్టీ విల్లులా వంగుతుంది.

పావు తక్కువ

ఆగస్టు మొదటి వారానికి 20 గడులు తెచ్చారు. అన్నీ ఆరున్నర అంగుళాలు రావాలి. స్కేలు పెడితే ఆరుంపావు. ఒకటి కాదు, ఇరవైకి ఇరవై. ఆవిడ మొహం మాడిపోయింది. "పావు అంగుళం కుట్టే వేస్తున్నాను కదమ్మాయ్!"

మిషన్ చూస్తే తెలిసింది. ఆవిడ ఫుట్ (సూది దగ్గర గుడ్డను అదిమిపట్టే పాదం) అంచును కొలతగా పెట్టుకున్నారు. మామూలు ఫుట్ అంచు సూదికి పావు అంగుళం కంటే కాస్త ఎక్కువ దూరంలో ఉంటుంది. కుట్టు పదహారో వంతు ఎక్కువ పడితే రెండు వైపుల గుడ్డా పోయి కుట్టుకు ఎనిమిదో వంతు తగ్గుతుంది. గడిలో అడ్డంగా రెండు కుట్లు. పావు అంగుళం మాయం.

అన్నీ విప్పమని చెప్పే టీచర్లున్నారు. నేనూ కుట్టు నేర్చుకునే రోజుల్లో అలాంటి చివాట్లు తిన్నదాన్నే. కానీ తేడా అన్నిట్లోనూ ఒకేలా ఉంటే అది తేడా కాదు, అది ఆ మనిషి కొలత. ఒకటి ఆరుంపావు, ఒకటి ఆరున్నర వస్తేనే ఇబ్బంది. అదృష్టం కొద్దీ తెల్ల గడులు ఇంకా కోయలేదు. నేను ఎప్పుడూ వాటిని ముందే కోయనివ్వను. నైన్ ప్యాచ్‌లు ఎంత వస్తే అంతకే తెలుపు కోస్తాం. "మిగతా 30 కూడా ఇలాగే, ఇదే ఫుట్‌తో కుట్టండి. ఏమీ మార్చకండి" అన్నాను. తెల్ల గడులన్నీ ఆరుంపావుకు కోశాం.

పైభాగం కలిపేసరికి అనుకున్న 54, 66 బదులు యాభైన్నరకు 62 వచ్చింది. ఆవిడ ముందే లెక్కేసి పెట్టారు, తేడా రాలేదు. అంచుకు మూడు అంగుళాల బోర్డర్ అనుకున్నవాళ్ళం ఐదున్నర వెడల్పుతో లేత పుదీనా పచ్చ కేంబ్రిక్ కోసి వేశాం. చివరికి 60, 72 దగ్గరకే వచ్చి ఆగింది.

వాళ్ళమ్మగారి చీర

చీరను ముక్కలు చేసి పైభాగంలో పెట్టాలన్నది టీచర్‌గారి మొదటి కోరిక. నాలుగు ముక్కలకు గంజి పెట్టి చూశాం. సగ్గుబియ్యం గంజి పెడితే వాయిల్ కాగితంలా నిలబడుతుంది, కోయడానికీ కుట్టడానికీ హాయి. కానీ ఉతికితే గంజి పోతుంది, పల్చని గుడ్డ మీద పావు అంగుళం కుట్టు ఎన్నాళ్ళు ఆగుతుంది? వెలుతురుకు ఎత్తి చూస్తే కుచ్చెళ్ళ దగ్గర, మోకాళ్ళ దగ్గర గుడ్డ అరిగి జల్లెడలా ఉంది.

బొంత అనే మాటకు మన దగ్గర అర్థమేమిటో గుర్తు చేశాను. మన ఇళ్ళలో బొంతంటే పాత చీరలే కదా, ఒకదాని మీద ఒకటి పరిచి రన్నింగ్ కుట్టు వేసేవాళ్ళు. చీర ముక్కలు కావడం కాదు, చీరే బొంత కావడం. అయిదున్నర మీటర్ల చీరలో అరిగిన చోటు వదిలేసి 76 అంగుళాల ముక్కలు రెండు తీసి మధ్యలో కలిపితే వెనక గుడ్డకు సరిపోయింది. ముక్కలు చేయాలని అడగడం ఆవిడ అక్కడితో ఆపేశారు.

మధ్యలో ఏం పెట్టాలి? అమెరికా పుస్తకాలు చూసినవాళ్ళు మందం వాడింగ్, అంటే రెండు గుడ్డల మధ్య పరిచే దూది పొర, అడుగుతారు. హైదరాబాద్‌లో చలి సంక్రాంతి దాటితే ఉండదు. మెత్తబడ్డ పాత నూలు దుప్పటి ఒకటి వేశాం. అది వాయిల్ వెనక నుంచి తొంగిచూడదు, చేత్తో కుట్టడానికి సూదీ తేలిగ్గా దిగుతుంది. పిన్నీసులు జానెడు దూరాన ఒకటి పెట్టి, పువ్వుల గొలుసు వెంబడే ఐమూలగా చేతి కుట్టు వేశారు. దసరా సెలవులకు మనవళ్ళు వచ్చినా ఆపలేదట.

కలంకారీ

రెండోది త్వరగా అయింది. 5 గుడ్డల్లోంచి నాలుగేసి, ఎనిమిదిన్నర అంగుళాల చదరాలు 20. మధ్యలో రెండున్నర అంగుళాల గాడా పట్టీలు. కుట్టాక 42కు 52, సోఫా మీద వేసుకునేంత. ఇందులో కుట్టు పని ఏమీ లేదు, అంతా కోయడంలోనే. 8 అంగుళాల కిటికీ పెట్టి చిలక తల తెగకుండా, కొమ్మ తలకిందులు కాకుండా పెన్సిల్‌తో గీసుకుని కోయాలి. గుడ్డ చాలా వృథా పోతుంది, పోనివ్వాలి. ఎరుపు మూడు ఉతుకుల దాకా కారింది. నల్ల గీతలు బెల్లం నీళ్ళలో ఇనుము ఊరబెట్టి చేసే కషాయంతో వేసేవి. పాత బొంతల్లో అలాంటి ఇనుప నలుపు ఉన్న చోటే గుడ్డ ముందు చిరుగుతుంది. కాబట్టి ఎండలో గంటల తరబడి వదలొద్దని చెప్పాను.

గోధుమ రంగు గుడ్డలకు రైల్ ఫెన్స్ అని రాసి పెట్టాను: మూడు పట్టీలు కలిపిన గడి, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. అవి ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి.

నవంబరు చివరి శనివారం టీచర్‌గారు మొదటి బొంతకు అంచు పట్టీ కుట్టడం పూర్తి చేసి తెచ్చారు. ఫొటో కోసం మేడ మీద దండేనికి వేశాం. వెనక నుంచి ఎండ పడితే సన్నజాజులు తెల్ల గడుల్లోంచి లీలగా కనిపిస్తున్నాయి. మా క్లాసులో పిల్లలు ముగ్గురు చుట్టూ చేరి మెచ్చుకుంటున్నారు. అప్పుడు నా కంట పడింది: ఐదో వరుసలో మూడో గడి తిరగబడి ఉంది. నాలుగు మూలలా తెలుపు, పువ్వులు నాలుగే. రెండో రకం ముక్కలు మిగిలాయి కదా, వాటిలో ఒకటి అటుదిటు అయి కలిసిపోయింది. ఇన్ని నెలలుగా నేను చూస్తూనే ఉన్నాను, కనబడలేదు. ఇప్పుడు చెప్పి ఆవిడ మనసు పాడుచేయడం ఎందుకని ఊరుకున్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు లెక్కలు వేసిన ఆ నోటుబుక్కు నాకు ఇచ్చి వెళ్ళారు, తర్వాత వచ్చేవాళ్ళకు పనికొస్తుందని. సాయంత్రం తిరగేస్తుంటే 99 గడుల పటంలో ఒకదాని చుట్టూ ఎర్ర సిరా సున్నా. పక్కన సెప్టెంబరు తారీఖు వేసి రాశారు: "5వ వరుస, 3వది తప్పు. అర మార్కు తగ్గించడమైనది."